మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 (ఎన్ఏ): ఏళ్లు నడిపినా కంటపడని సంగతులు, వింతలు

కొత్తగా_కొన్నా రాసింది:
అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచీ కళ్లు మూసి తెరిచే హెడ్‌లైట్ల కారు కావాలని ఉండేది. ఇన్నాళ్లకు 1990 నాటి 1.6 లీటర్ల ఇంజన్ ఎన్ఏ దొరికింది. కొని మూడు వారాలైంది. బండితో పాటు మాన్యువల్ రాలేదు, పాత యజమాని కూడా పెద్దగా ఏమీ చెప్పలేదు. రోజుకో వింత నేనే కనిపెట్టుకుంటున్నాను.

నిన్నటి వింత: హజార్డ్ బటన్ పక్కన ఇంకో బటన్ ఉంది. నొక్కితే లైట్లు వెలగలేదు కానీ రెండూ పైకి లేచి నిలబడ్డాయి. మళ్లీ నొక్కితే పడుకున్నాయి. పిల్లాడిలా ఓ ఇరవై సార్లు నొక్కుంటాను. దాని ఉపయోగం ఏంటో మాత్రం తెలియలేదు.

ఇంకోటి. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా సీటు వెనక నుంచి "గలగల" అని చిన్న చప్పుడు. పెట్రోల్ ట్యాంకు అక్కడే కాబట్టి అది పెట్రోలే అనుకుంటున్నా. మీకు తెలిసినవి, ఎక్కడా రాయనివి ఉంటే చెప్పండి.

గ్రీజుచేతులు రాసింది:
స్వాగతం! ఆ బటన్ ఆట కోసం కాదండీ, ఆటకు పనికొస్తుంది గానీ. చలి దేశాల్లో రాత్రి మంచు గడ్డకట్టి మూతలు అతుక్కుపోతాయి. అందుకని ముందే లేపి ఉంచడానికి. కారు కడిగేటప్పుడు లైట్ల గుంటలు శుభ్రం చేయడానికీ, బల్బు మార్చడానికీ అదే బటన్.

దానికంటే తక్కువ మందికి తెలిసినది ఒకటుంది. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ మోటారు వైపు చూడండి. మోటారు చివర నల్ల రబ్బరు టోపీ ఉంటుంది. అది పీకితే లోపల చేత్తో తిప్పే నాబ్. మోటారు చచ్చిపోయి లైటు లేవకపోతే ఆ నాబ్ తిప్పుతూ పోతే మెల్లగా లేస్తుంది. చాలా చుట్లు తిప్పాలి, ఓపిక కావాలి. కానీ ముందు రిట్రాక్టర్ ఫ్యూజు, అంటే లైట్లు లేపే మోటార్ల ఫ్యూజు తీసేయండి, 30 ఆంపియర్లది. తీయకుండా చెయ్యి పెడితే మధ్యలో మోటారు ఒక్కసారిగా తిరిగిందంటే వేళ్లు అందులోనే. నాకు గోరు ఒకటి పోయింది, అందుకే చెప్తున్నా.

స్పానర్_మామ రాసింది:
అబ్బాయ్, లైట్ల సంగతి తర్వాత. ఆ గలగల పెట్రోల్ కాదు. నీళ్లు.

గుడ్డ టాప్ మీద పడ్డ వాన ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించావా? టాప్ వెనక అంచు కింద ఒక కాలువ ఉంటుంది. అందులో పారిన నీళ్లు రెండు పక్కలా సీటు బెల్టు స్తంభాల వెనకున్న రంధ్రాల్లోకి దిగి, గొట్టాల ద్వారా వెనక చక్రాలకు కాస్త ముందు కారు కిందికి కారిపోవాలి. ముప్పై ఏళ్ల ఆకులు, మట్టి, టాప్ నుంచి రాలిన పీచు అన్నీ చేరి ఆ రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు పొంగి లోపలికి, అక్కణ్ణుంచి డోరు కింద గడపలోకి దిగుతాయి. గడప డొల్ల కదా, తొట్టిలా నిండుతుంది. బ్రేకు వేస్తే ముందుకు, వదిలితే వెనక్కి. అదే నీ గలగల.

ఈ కార్లు వెనక చక్రం ముందు గడప దగ్గరే ఎందుకు తుప్పు పడతాయో ఇప్పుడు అర్థమైందా? బయట నుంచి కాదు, లోపల నుంచి తింటుంది. పెయింటు మీద బుడగ కనిపించేసరికి లోపల పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

రేపు పొద్దున్నే చేయాల్సింది: టాప్ దించి, సీటు బెల్టు స్తంభం వెనక టార్చి వేసి చూడు. ఓ చెంబుడు నీళ్లు మెల్లగా పొయ్యి. వెంటనే కారు కింద ధార కనబడాలి. రాకపోతే మూసుకుపోయినట్టే. ఇనప తీగ మాత్రం దూర్చకు, గొట్టం ఊడిపోయి సమస్య రెట్టింపు అవుతుంది. గడ్డి కోసే మిషన్ నైలాన్ దారం గానీ, పొడుగాటి కేబుల్ టై గానీ తీసుకుని మెల్లగా ఆడించు.

శనివారం_డ్రైవ్ రాసింది:
మామ చెప్పింది అక్షరాలా నిజం. నాలుగేళ్లు ఆ చప్పుడు "పెట్రోల్ ఉన్నట్టుందిలే" అనుకుంటూ తిరిగాను 😅

టాప్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. వెనక ప్లాస్టిక్ అద్దానికి చుట్టూ జిప్పు ఉంటుంది. టాప్ దించే ముందు ఆ జిప్పు తీసి అద్దాన్ని చదునుగా పడుకోబెట్టాలి. చాలా మంది అలాగే టాప్‌ను వెనక్కి విసిరేస్తారు. అద్దం మధ్యలో మడత పడి, మొదట తెల్లటి గీత వస్తుంది, తర్వాత చలికాలంలో ఒకరోజు ఆ గీత వెంటే పగులుతుంది. టాప్ దించకుండా జిప్పు మాత్రం తీసి అద్దాన్ని అలాగే వేలాడదీసి నడిపితే, పైన ఎండ తగలదు, వెనక నుంచి గాలి వస్తుంది. వేసవిలో నాకు అదే ఇష్టం. ఇది కంపెనీ వాళ్లు అనుకుని పెట్టిన సౌకర్యమో కాదో గానీ హాయిగా ఉంటుంది.

కొత్తగా_కొన్నా రాసింది:
అయ్యో. పెట్రోలే అనుకుని సంతోషపడుతున్నాను ఇన్నాళ్లూ. రేపే చూస్తాను మామా.

టాపులేదు రాసింది:
డిక్కీలో బ్యాటరీ చూశారా? కుడి మూలన ఉంటుంది. ముందు బరువు తగ్గించి వెనక పెట్టారు. బానెట్ కూడా అల్యూమినియమే. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం పంచడం కోసం ఇంత తంటాలు పడ్డారు.

కానీ అక్కడో మెలిక ఉంది. అసలు బ్యాటరీ సీల్ చేసింది, దాని ఆవిరి బయటికి పోవడానికి డిక్కీ అడుగు గుండా సన్న గొట్టాలు. తర్వాత ఎవరో ఒకరు మామూలు బ్యాటరీ తెచ్చి పెట్టేస్తారు, గొట్టాలు ఊరికే వేలాడుతుంటాయి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు వచ్చే యాసిడ్ ఆవిరంతా మూసిన డిక్కీలోనే. ఒక్కసారి బ్యాటరీ తీసి కింద రేకు చూడండి. పెయింటు లేచి పొరలు పొరలుగా ఉంటే సంగతి ఇదే.

ఎద్దులబండి రాసింది:
నేను కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట: టైమింగ్ బెల్ట్ (ఇంజన్ తిరుగుడుకు తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునేలా చేసే పట్టీ) మార్చారో లేదో తెలియకపోతే బండి స్టార్ట్ చేయకండి. తెగిందంటే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజన్ మొత్తం పోతుంది.

గ్రీజుచేతులు రాసింది:
> తెగిందంటే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని

ఎద్దులబండి గారూ, మిగతా చాలా కార్ల విషయంలో ఇది నిజం. ఎన్ఏ విషయంలో కాదు. 1.6 గానీ 1.8 గానీ, వాల్వు పూర్తిగా తెరుచుకున్నా పిస్టన్‌కు తగలదు. బెల్ట్ తెగితే ఇంజన్ ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్ట్ వేసి టైమింగ్ సరిచేసుకుంటే మళ్లీ నడుస్తుంది. నాది నడిరోడ్డు మీద తెగింది, బండి ఇప్పటికీ అదే ఇంజన్‌తో తిరుగుతోంది.

ఎద్దులబండి రాసింది:
నేను పదిహేనేళ్లుగా ఇంకోలా విన్నాను. అయినా లక్ష కిలోమీటర్లకు మార్చమనే కదా కంపెనీ చెప్పింది?

గ్రీజుచేతులు రాసింది:
మార్చాల్సిందే, కాదనట్లేదు. ఇంజన్ పోదన్న ధైర్యంతో తెగేదాకా ఆగమని చెప్పను. కానీ భయపెట్టే కారణం అది కాదు.

స్పానర్_మామ రాసింది:
ఇద్దరూ ఆగండి. బెల్ట్ తెగడం కంటే బెల్ట్ *మార్చడమే* ఈ కార్లలో ఎక్కువ ఇంజన్లను తినేసింది.

1990లో, 1991 మధ్య దాకా వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముక్కు పొట్టిగా ఉంటుంది. "షార్ట్ నోస్ క్రాంక్" అంటారు. ఆ ముక్కు మీద పళ్ల చక్రం, పుల్లీ కూర్చుంటాయి. ఒక చిన్న కీ వాటిని జారకుండా ఆపుతుంది, మధ్యలో బోల్టు అన్నిటినీ బిగించి పట్టుకుంటుంది. బెల్ట్ మార్చేటప్పుడు ఆ బోల్టు తీయక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు కొలత ప్రకారం బిగించకపోతే పుల్లీ వెంట్రుకవాసి ఊగడం మొదలుపెడుతుంది. కీ కూర్చున్న గాడి రోజురోజుకీ వెడల్పవుతుంది. బండి లాగుడు తగ్గుతుంది, టైమింగ్ ఎంత సరిచేసినా నిలవదు. చివరికి క్రాంక్ షాఫ్టే మార్చాల్సి వస్తుంది.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఏదీ విప్పక్కర్లేదు. ఇంజన్ ఆపి, ముందు నుంచి టార్చి వేసి క్రాంక్ పుల్లీ మధ్య భాగం చూడండి. బోల్టు చుట్టూ చీలికలు కనబడతాయి. నాలుగుంటే పొట్టి ముక్కు. ఎనిమిదుంటే తర్వాత వచ్చిన పొడుగు ముక్కు, నిశ్చింత.

కొత్తగా_కొన్నా రాసింది:
నాది 1990 అని మొదట్లోనే రాశాను కదా మామా... ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

స్పానర్_మామ రాసింది:
టెన్షన్ ఎందుకు? ముప్పై ఏళ్లు నడిచిన పొట్టి ముక్కు ఇంజన్లు బోలెడున్నాయి. ఇంజన్ తిరుగుతుండగా పుల్లీ ఊగుతోందా, బొంగరం చివర్లో తూలినట్టు తూలుతోందా చూడు. తూలకపోతే దాన్ని కెలక్కు. బెల్ట్ మార్చే రోజు మాత్రం పక్కనే నిలబడి టార్క్ రెంచితో బిగిస్తున్నారో లేదో చూసుకో.

శనివారం_డ్రైవ్ రాసింది:
భయాలు చాలు, కాస్త మంచి మాట చెప్పుకుందాం. ఈ కారు పుట్టుకే ఒక వింత. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు జర్నలిస్టు, మాజ్డాలో కెనిచి యమమోతోతో మాట్లాడుతూ, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్లలాంటి (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కార్లు) చౌకైన చిన్న కారు ఎవరూ చేయట్లేదన్నాడు. తర్వాత ఆయనే మాజ్డాలో చేరాడు. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో కారు తయారై 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు షోలో బయటికొచ్చింది. జపాన్‌లో దీని పేరు మాజ్డా కాదు, యూనోస్ రోడ్‌స్టర్. హిరాయ్ బృందం పట్టుకున్న మాట "జింబా ఇత్తాయ్", అంటే గుర్రం, రౌతు ఒక్కటైపోవడం.

కారు కిందికి దూరి చూస్తే ఆ మాట కనబడుతుంది. గేర్‌బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దాకా పొడుగాటి అల్యూమినియం దూలం ఒకటి రెండిటినీ కలిపి కట్టేస్తుంది. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. యాక్సిలరేటర్ తొక్కగానే మధ్యలో ఏదీ మెలితిరగదు, సాగదు. అడుగు వేస్తే చక్రం కదిలినట్టు ఉండేది అందుకే.

రెండుసీట్లు రాసింది:
గేర్ గురించి ఎవరూ చెప్పలేదేం? గేర్ రాడ్ కింద ఉన్న గిన్నెలో విడిగా ఆయిల్ ఉంటుందని ఎంతమందికి తెలుసు? గేర్‌బాక్స్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ పదిసార్లు మార్చినా ఈ గిన్నె ఎండిపోయే ఉంటుంది.

నేను చేసింది చెప్తా. గేర్ నాబ్ విప్పి, కన్సోల్ తీస్తే పెద్ద రబ్బరు బూటు. దాని కింద మూడు బోల్టులు. విప్పి గేర్ రాడ్‌ను నిటారుగా పైకి లాగితే చివర గుండ్రటి బంతి, దాని కింద చిన్న నైలాన్ బుష్. నాది పట్టుకోగానే మూడు ముక్కలైంది. గిన్నెలో ఆయిల్ లేదు, అడుగున నల్లటి జిగురు మాత్రం ఉంది. కింది చిన్న రబ్బరు బూటు నిలువునా చీలిపోయింది. ఎండాకాలం కాలి పిక్కకు వేడి గాలి ఎందుకు కొడుతోందో అప్పుడు తెలిసింది, అది గేర్‌బాక్స్ మీది వేడి. గిన్నె తుడిచి, కొత్త బుష్, రెండు బూట్లు వేసి, 75డబ్ల్యూ-90 జీఎల్-4 రకం గేర్ ఆయిల్ 80 మిల్లీలీటర్లు పోశాను. టీ కప్పుడు కూడా ఉండదు. తిరిగి బిగించాక రెండో గేరు పడినప్పుడు వచ్చిన "టక్" అన్న ఆ చిన్న చప్పుడు... కారు మారిపోయిందనుకున్నా.

టాపులేదు రాసింది:
ఇది బుక్‌మార్క్ చేసుకుంటున్నా 🙏 జీఎల్-5 పోస్తే ఏమవుతుంది?

రెండుసీట్లు రాసింది:
గేర్‌బాక్స్‌లో అయితే జీఎల్-5 వద్దు. సింక్రోలు (గేరు మెత్తగా పడేలా చేసే రింగులు) ఇత్తడివి, చాలా జీఎల్-5 ఆయిళ్లలోని మందులు వాటికి పడవు. వెనక డిఫరెన్షియల్‌కు జీఎల్-5. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని తారుమారు చేయకండి.

వానాకాలం రాసింది:
నా గోడు వినండి. ఇంజన్ వెనక నుంచి ఆయిల్ కారుతోందని బండిని ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. క్రాంక్ వెనక సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, రెండు రోజుల పని అన్నారు. దించారు, సీల్ మార్చారు, ఇచ్చారు. వారానికి మళ్లీ అదే చోట ఆయిల్.

తర్వాత ఇక్కడే పాత చర్చలు తిరగేస్తే తెలిసింది. క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వెనక చివర, ఇంజన్‌కూ కేబిన్ గోడకూ మధ్య ఇరుకులో క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దానికి ఒక ఓ-రింగ్, అంటే ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు. ఏళ్ల తరబడి ఆ వేడికి అది రాయిలా గట్టిపడుతుంది. అక్కణ్ణుంచి కారిన ఆయిల్ ఇంజన్ వెనక గోడ వెంట జారి సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కలు కడుతుంది. కింద నుంచి చూసే ఎవరికైనా క్రాంక్ సీల్ అనే అనిపిస్తుంది. ఓ-రింగ్ మార్చాక ఇప్పటికి రెండేళ్లు, చుక్క లేదు.

గ్రీజుచేతులు రాసింది:
దీనికో తోక. ఆ సెన్సర్‌ను తీసేముందు అది ఎక్కడ కూర్చుందో పెయింటుతో గీత పెట్టుకోండి. ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, దాన్ని తిప్పితేనే మారుతుంది. సరిచూసేటప్పుడు ఇంజన్ వేడెక్కాక, డయాగ్నోసిస్ అని రాసున్న చిన్న పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండు పిన్నులనూ వైరు ముక్కతో కలపాలి. అలా కలపకపోతే కంప్యూటర్ తనకు తోచినట్టు సర్దేస్తూ ఉంటుంది, మీరు చూసే అంకె అబద్ధం. కంపెనీ చెప్పింది 10 డిగ్రీలు. 14 దాకా పెట్టి బాగుందనేవాళ్లు చాలామంది, కానీ అప్పుడు మంచి పెట్రోల్ పోయాలి.

ఎద్దులబండి రాసింది:
బెల్ట్ విషయం కనుక్కున్నాను. గ్రీజుచేతులు గారు చెప్పిందే నిజం. ఒప్పుకుంటున్నా.

పరిహారంగా ఒక వింత. 1.6 వాళ్లకు మాత్రమే. ఎయిర్ ఫిల్టర్ తర్వాత గాలి కొలిచే పెట్టెలో రేకు తలుపు ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలికి ఆ తలుపు తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటర్ పెట్రోల్ లెక్క వేస్తుంది. పెట్రోల్ పంపు స్విచ్ కూడా ఆ తలుపులోనే ఉంది! తాళం ఆన్‌లో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, వేలితో ఆ తలుపును నెట్టండి. వెనక నుంచి పంపు "జుయ్" మంటుంది. అందుకే ఆ పెట్టె తర్వాతి రబ్బరు గొట్టం చిరిగితే ఇంజన్ ఊరికే ఆగిపోతుంది. గాలి చిరుగులోంచి పోతుంది, తలుపు తెరుచుకోదు, పంపు ఆగుతుంది. పంపు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1.8లో తలుపు బదులు హాట్ వైర్ (వేడి తీగతో గాలి కొలిచే) మీటరు వచ్చింది, ఈ సరదా లేదు.

టాపులేదు రాసింది:
ఆయిల్ ప్రెషర్ ముల్లు గురించి కూడా. నా మొదటి ఎన్ఏ 1991ది. ఐడిల్‌లో ముల్లు కిందికి, తొక్కితే పైకి. దాన్ని అమ్మి 1996ది కొన్నాను, ముల్లు ఎప్పుడూ మధ్యలోనే. ఇంజన్ ఎంత బాగుందో అనుకున్నా. అది అసలు కొలవట్లేదని తర్వాత తెలిసింది! 1995 నుంచి వచ్చినవాటిలో ఒట్టి స్విచ్. ప్రెషర్ ఉందా, మధ్యలో నిలబెట్టు. లేదా, పడేయ్. పాతవాటిలో మాత్రం నిజంగా కొలిచేదే. ముల్లు ఊగుతోందని పాత బండివాళ్లు కంగారుపడతారు, కదలట్లేదని కొత్త బండివాళ్లు మురిసిపోతారు.

శనివారం_డ్రైవ్ రాసింది:
😂 నేను మురిసిపోయిన బాపతే.

కొత్తగా_కొన్నా రాసింది:
ఫలితాలు చెప్పడానికి వచ్చాను.

ఎడమ పక్క చెంబుడు నీళ్లు పోస్తే వెంటనే కింద ధార. కుడి పక్క పోస్తే నీళ్లు రంధ్రం దగ్గరే నిలబడి నన్ను చూశాయి. నైలాన్ దారం పెట్టి పావుగంట ఆడించాను. ముందు నల్లటి బురద, తర్వాత ఒక ఆకు ఈనె, దాని వెనక ఒక టాఫీ కాగితం వచ్చింది. అప్పుడు ఒక్కసారిగా "గుళుక్" మని దిగిపోయింది. గడప కింద చిన్న రంధ్రాలు కూడా మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. పుల్లతో గుచ్చగానే తుప్పు రంగు నీళ్లు. కింద పెట్టిన రెండు లీటర్ల గిన్నె నిండడానికి కాస్త తక్కువ. ఇన్నాళ్లు ఆ నీళ్లను మోసుకు తిరిగాను.

పుల్లీ చీలికలు లెక్కపెట్టాను. మూడుసార్లు. నాలుగే. కానీ ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు చూశా, ఏమాత్రం తూలట్లేదు. మామ మాట ప్రకారం దాని జోలికి పోను.

బ్యాటరీ కింద రేకు బాగానే ఉంది. గొట్టాలు మాత్రం ఎక్కడా కనబడలేదు, ఉన్నది మామూలు బ్యాటరీ. సీల్ చేసింది వెతుకుతున్నా.

స్పానర్_మామ రాసింది:
శభాష్. గడప లోపల పూర్తిగా ఆరనివ్వు, డోర్లు తెరిచి రెండు రోజులు ఎండలో పెట్టు. తర్వాత ఆ రంధ్రాల్లోంచే తుప్పు ఆపే మైనం కొట్టు. కొట్టాక రంధ్రాలు మళ్లీ పుల్లతో తెరువు, మైనంతో మూసేస్తే మొదటికొస్తుంది.

కొత్తగా_కొన్నా రాసింది:
అలాగే మామా. చివరగా ఒక్కటి. బటన్ నొక్కితే కుడి లైటు టక్కున లేస్తుంది, ఎడమది అర క్షణం ఆలోచించి లేస్తుంది. ఇదీ జబ్బేనా?

గ్రీజుచేతులు రాసింది:
బటన్‌తో ఇరవై సార్లు ఆడుకున్నది మీరే కదా 🙂 మోటారు నుంచి లైటుకు పోయే కడ్డీ కీళ్లు ఎండిపోయి ఉంటాయి. లైట్లు పైకి లేపి, ఫ్యూజు తీసి, ఆ కీళ్లకు కాస్త గ్రీజు పెట్టండి. ఫ్యూజు తీసి. మళ్లీ చెప్తున్నా, ఫ్యూజు తీసి.